ప్లాట్ నది ఎందుకు సన్నబడింది?

1840ల నుంచి రెండు మూడు దశాబ్దాల పాటు అమెరికా పడమటి తీరానికి ఎద్దుబండ్ల మీద వలస పోయిన కుటుంబాలు నెబ్రాస్కా మైదానంలో వారాల తరబడి ఒక నది వెంబడే నడిచాయి. ఆ నది పేరు ప్లాట్. దాని వెడల్పు మైలు, లోతు అంగుళం అని జనం చెప్పుకునేవారు. లోతు సంగతి అతిశయోక్తే కానీ, వెడల్పు విషయంలో వాళ్లు నిజానికి చాలా దగ్గరగా ఉన్నారు. 1860లలో ప్రభుత్వ సర్వేయర్లు గీసిన పటాల్లో ఆ నది కొన్నిచోట్ల కిలోమీటరు దాటిన వెడల్పుతో కనిపిస్తుంది. ఇప్పుడు అదే ప్రాంతాల్లో దట్టమైన కాటన్‌వుడ్ చెట్ల మధ్య సన్నటి పాయలు పారుతున్నాయి. కొన్నిచోట్ల పాత వెడల్పులో అయిదో వంతుకు మించి మిగల్లేదు. అంత పెద్ద నది ఒక్క మనిషి జీవితకాలంలో ఎలా కుదించుకుపోయింది?

ముందు ఆ వెడల్పు ఎలా వచ్చిందో చూడాలి. ప్లాట్ నీళ్లలో ఎక్కువ భాగం రాకీ పర్వతాల మంచు. అది కరిగి మే, జూన్ నెలల్లో వరదగా దిగుతూ ఇసుకను, గులకరాళ్లను మోసుకొస్తుంది. మైదానంలోకి వచ్చాక ఒడ్డు కూడా వదులు ఇసుకే కాబట్టి ప్రవాహాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. నీరు పక్కలకు పరుచుకుంటుంది, పరుచుకున్న నీటికి బలం తగ్గుతుంది, మోయలేని ఇసుకను మధ్యలోనే వదిలేస్తుంది. ఆ తిన్నెకు అటూ ఇటూ ప్రవాహం చీలుతుంది, కిందికి పోయి మళ్లీ కలుస్తుంది, ఇంకో తిన్నె దగ్గర మళ్లీ చీలుతుంది. పైనుంచి చూస్తే వదులుగా అల్లిన జడలా ఉంటుంది. ఈ ఏడాది పాయ ఉన్నచోట వచ్చే ఏడాది తిన్నె ఉండవచ్చు.

బంకమట్టి, చెట్ల వేళ్లు ఒడ్డును గట్టిగా పట్టుకున్నచోట నదుల తీరు వేరు. అక్కడ నీరు చాలావరకు ఒకే పాయగా వంపులు తిరుగుతుంది. వంపు బయటి గట్టును కోస్తుంది, లోపలి వైపు మేట వేస్తుంది. అలా వంపు పెరిగి పెరిగి, ఒక వరదలో తెగిపోతుంది. 1877లో ఒమాహా నగరం దగ్గర మిస్సోరీ నది అలాగే ఒక పెద్ద వంపును తెంచుకుంది. దాంతో అయోవా రాష్ట్రపు నేల కొంత నెబ్రాస్కా ఒడ్డుకు చేరిపోయింది. ఇక సరిహద్దు ఎక్కడ? నది మెల్లగా జరిగితే సరిహద్దు దానితోపాటే జరుగుతుందనీ, ఒక్కసారిగా దారి మార్చుకుంటే పాత చోటే నిలుస్తుందనీ 1892లో సుప్రీంకోర్టు సూత్రం చెప్పింది. అందుకే కార్టర్ లేక్ అనే చిన్న పట్టణం నదికి నెబ్రాస్కా వైపున ఉండి కూడా నేటికీ అయోవాలోనే లెక్క.

మళ్లీ ప్లాట్ దగ్గరికి వద్దాం. కథ అంతా ఒక గింజ దగ్గర ఉంది. కాటన్‌వుడ్ చెట్టు దూది లాంటి నూగుతో గింజలను మే చివర్లో, జూన్‌లో గాలికి వదులుతుంది. ఆ గింజ బతికి ఉండేది కొద్ది రోజులే. ఆలోపు తడిగా, బోడిగా ఉన్న ఇసుక దొరకాలి. పూర్వం సరిగ్గా ఆ రోజుల్లోనే మంచు వరద తిన్నెలన్నింటినీ ముంచేసేది. వరద తీశాక మొలిచిన కొద్దిపాటి మొక్కలను వేసవి ఎండో, చలికాలపు మంచుగడ్డల రాపిడో, మరుసటి ఏటి వరదో తుడిచేసేది. గోదావరి లంకలను ఎరిగినవారికి తెలుసు, తిన్నె మీద గడ్డీ తుప్పా నిలదొక్కుకుంటే ప్రతి వరదలో అక్కడ మరింత ఒండ్రు ఆగుతుంది, నేల ఎత్తవుతుంది. ప్లాట్‌లో ఆ నిలదొక్కుకునే అవకాశాన్నే వరద ఏటా చెరిపేసేది. అంటే ఆ వెడల్పు నదికి పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు, వరద ఏటేటా చేసి పెట్టిన పని.

తర్వాత మనుషులు ఆ వరదను ఆపారు. ఎగువన వ్యోమింగ్‌లో 1909లో పాత్‌ఫైండర్ డ్యాము పూర్తయింది. నెబ్రాస్కాలో 1941లో కింగ్‌స్లీ డ్యాము వచ్చి, దాని వెనుక ఆ రాష్ట్రంలోనే అతిపెద్ద జలాశయం లేక్ మెకొనాహీ ఏర్పడింది. సాగు కాలువలు జూన్ నీటిని పొలాలకు మళ్లించాయి. గింజలు రాలే వేళకు తిన్నెలు తడిగా, బయటపడి, ఖాళీగా ఉన్నాయి. మరో వైపు కొలరాడో నుంచి వచ్చే సౌత్ ప్లాట్ అనే ఉపనది ఒకప్పుడు వేసవి చివర ఎండిపోయేది. పొలాల్లో ఇంకిన సాగునీరు ఊటగా తిరిగి చేరడంతో అది ఏడాది పొడవునా పారసాగింది. వరద తగ్గడం మొక్కను కొట్టుకుపోకుండా కాచింది, వేసవి తడి దాన్ని బతికించింది. చెట్లు పాయలను ఒకదాని తర్వాత ఒకటి మింగేశాయి.

కాన్సాస్ నైరుతి మూలన సిమరాన్ నది కథ మొదట దీనికి ఎదురు తీరున నడిచింది. 1914కు ముందు అది సగటున 15 మీటర్ల వెడల్పున్న మామూలు వాగు. ఆ ఏడాది వచ్చిన మహా వరద గట్లను తెగ్గొట్టింది. తర్వాత కరవులు గడ్డిని ఎండబెట్టాయి, మధ్యమధ్య వచ్చిన వరదలు ఒడ్లను కోస్తూ పోయాయి. 1940ల తొలినాళ్లకు వెడల్పు సుమారు 365 మీటర్లయింది. ఆ పైన వానలు బాగా కురిసి, పెద్ద వరదలు రాకపోవడంతో తిన్నెల మీద పచ్చిక పట్టింది. 1954 నాటికి నది సగానికి పైగా కుదించుకుంది. ఇక్కడ డ్యాములు కారణం కాదు. వరద, ఇసుక, మొక్క ఈ మూడింటిలో ఏది పైచేయి అయితే మైదానపు నది ఆ ఆకారం తీసుకుంటుందనడానికి ఇంతకంటే తేట ఉదాహరణ నాకు తెలియదు.

ప్లాట్ ఇరుకైతే ఎవరికి నష్టం అని అడిగేవారు వసంతంలో అక్కడి ఆకాశం చూడాలి. మన సారస పక్షికి దగ్గరి చుట్టాలైన శాండ్‌హిల్ కొంగలు 5 లక్షలకు పైగా ఏటా వలసదారిలో అక్కడ ఆగుతాయి. రాత్రిపూట అవి చుట్టూ తెరపి ఉన్న వెడల్పాటి పాయల్లో, పలుచటి నీటిలో నిలబడి నిద్రపోతాయి. నక్క జాతి జంతువు నీళ్లలో నడిస్తే చప్పుడు వినపడుతుంది, చెట్ల చాటు లేకపోతే కంటికీ కనపడుతుంది. చెట్లు కమ్మేసిన చోట్లను అవి వదిలేసి, మిగిలిన కొద్ది మైళ్లలోనే కిక్కిరిసిపోతున్నాయి.

2007 నుంచి మూడు రాష్ట్రాలు, కేంద్ర ప్రభుత్వం కలిసి ఒక పునరుద్ధరణ కార్యక్రమం నడుపుతున్నాయి. ట్రాక్టర్లతో తిన్నెలను దున్ని మొక్కలను తొలగిస్తున్నారు. కాలువల గుండా పోయి నదికి తిరిగొచ్చే నీరు ఇసుకను వెనకే వదిలేసి తేటగా వచ్చి నది అడుగును తొలిచేస్తుంది కాబట్టి, యంత్రాలతో ఇసుక తెచ్చి నదిలో పోస్తున్నారు. ఒకప్పుడు వరద ఊరకే చేసిన పని ఇది. ఆ పనిని మళ్లీ వరదకే అప్పగించాలని జలాశయం నుంచి కొద్ది రోజులు ఒక్క ఉదుటున నీరు వదలాలని చూశారు. కానీ ఆ నీరు నార్త్ ప్లాట్ పట్టణం పక్క నుంచి పోవాలి. అక్కడ ఇసుక మేట వేసి, కిక్కిస జాతి గడ్డి పెరిగి, పాయ ఇరుకైపోయింది. నీరు కాస్త ఎక్కువైతే పల్లపు ఇళ్లలోకి వస్తుంది. వరద లేక ఇరుకైన చోటే ఇప్పుడు వరదకు అడ్డం పడుతోంది. కాబట్టి దిగువన ఎంత నీరు అవసరమైనా, వదిలే నీరు మాత్రం ఆ ఇరుకు పాయ భరించగలిగినంతే.