అన్‌లాక్ చేశాక ఫొటోలు రావు: కస్టమ్ రోమ్ మీద అపోహలు

"అన్నా, రోమ్ ఎక్కింది, ఫోన్ కూడా స్పీడ్‌గానే ఉంది. ఫొటోలు మాత్రం లేవు, తెప్పిస్తావా?" పాత ఫోన్లు పట్టుకుని మా షాపుకొచ్చే కుర్రాళ్ల నోట ఎప్పుడూ ఇదే మాట. రోమ్ అంటే ఫోన్‌ని నడిపే సిస్టమ్ సాఫ్ట్‌వేర్; కంపెనీది తీసేసి బయటివాళ్లు తయారుచేసింది వేస్తే అదే కస్టమ్ రోమ్.

అపోహ: రోమ్ మారిస్తే పోయేది సిస్టమే, మన డేటాకి ఢోకా లేదు.

వాస్తవం: అసలు రోమ్ దాకా వెళ్లక్కర్లేదు. ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్ బూట్‌లోడర్; బయటి రోమ్ ఎక్కాలంటే ముందు దాని తాళం తీయాలి. ఆ బూట్‌లోడర్ అన్‌లాక్ కాగానే ఫోన్ మొత్తం ఖాళీ అవుతుంది. కావాలనే అలా పెట్టారు, లేకపోతే ఫోన్ కొట్టేసినవాడు అన్‌లాక్ చేసి మీ ఫొటోలన్నీ చూసేస్తాడు. పైగా డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలో ఉంటుంది; రీసెట్‌తో దాని కీ కూడా పోతుంది. ఆ తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు దండగ.

"టీడబ్ల్యూఆర్‌పీలో బ్యాకప్ తీశాగా" అంటారు. టీడబ్ల్యూఆర్‌పీ అంటే బ్యాకప్ తీయడానికి, రోమ్ వేయడానికి ఫోన్‌లో ఎక్కించుకునే టూల్. అది ఎక్కాలంటేనే ముందు అన్‌లాక్ కావాలి! అందులో తీసే డేటా బ్యాకప్‌లోకి ఇంటర్నల్ స్టోరేజ్‌లోని ఫొటోలు రానే రావు. మెమరీ కార్డుని ఇంటర్నల్‌గా ఫార్మాట్ చేసి ఉంటే అదీ పోయినట్టే, దాని కీ ఉండేది ఫోన్‌లోనే.

మొన్న ఒక ఇంటర్ కుర్రాడు వాళ్లమ్మ ఫోన్ తెచ్చాడు. అప్పటికే ఇంకో షాపులో రెండు వేలు పోసి "రికవర్" చేయించారట. పెన్‌డ్రైవ్ తెరిచి చూస్తే ఉన్నవన్నీ గూగుల్ ఫొటోస్‌లోవే! ఆవిడ అకౌంట్‌తో లాగిన్ అయి డౌన్‌లోడ్ చేసిచ్చారు, అంతే. వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లో ఉండబట్టి అక్క పెళ్లి ఫొటోలు కొన్ని దొరికాయి. కుర్రాడు తలెత్తలేదు. వాణ్ణి తిట్టొద్దమ్మా అన్నాను. వాడు చూసిన వీడియోలో ఈ ముక్క చెప్పి ఉండరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లోగో దగ్గర తిరుగుతూ ఉంటే ఫోన్ చచ్చిపోయినట్టు కాదు, టెన్షన్ పడకండి. ఫాస్ట్‌బూట్‌లోకి (కంప్యూటర్‌కి కలిపి సిస్టమ్ ఎక్కించే మోడ్) వెళ్తోందంటే చాలావరకు కంపెనీ రోమ్ మళ్లీ ఎక్కించొచ్చు. పేరు దగ్గరగా ఉందని పక్క మోడల్ ఫైలు వేయకండి: రెడ్‌మీ నోట్ 5 కోడ్‌నేమ్ (రోమ్ ఫైళ్ల మీద ఉండే పేరు) విన్స్, నోట్ 5 ప్రోది వైరెడ్, రెండూ వేరు. కస్టమ్ రోమ్ మీద బ్యాంకు యాప్‌లు పనిచేస్తాయని ఎవరు చెప్పినా నమ్మకండి. ఈరోజు తెరుచుకున్నది రేపు మొరాయించొచ్చు. యూపీఐకి ఉన్నది ఆ ఒక్క ఫోనే అయితే దాని జోలికి పోవద్దు. ఇక బ్యాటరీ ఉబ్బిన ఫోన్ తెచ్చి లీనియేజ్ అనే కస్టమ్ రోమ్ వేయమంటే నేను వేయను, ముందు బ్యాటరీ మార్పించాల్సిందే.