కిర్గిజ్ పల్లెలో కరెంటాయన

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య దీవెనలు.

కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో డాక్టరు చదువుతున్న మీ పెద్దక్క చలికాలంలో కరెంటు పోతోందని ఫోనులో చెప్పగానే, "అన్ని నదులున్న దేశంలో కరెంటు పోవడమేంటి తాతయ్యా?" అని అడిగారు కదా. ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా స్తంభాలెక్కినవాణ్ణి. ఆ సంగతి అక్కడి పల్లెలో కరెంటు పని చేసే మనిషి వైపు నుంచి చెబుతాను.

అతన్ని మోంత్యోర్ అంటారు. మనం 'అన్నా' అన్నట్టు, వయసులో పెద్దవాడైతే 'ఆకె' అని కలిపి పిలుస్తారు. సోవియట్ రోజుల్లో బూట్లకు ఇనుప కొక్కేలు బిగించుకుని కొయ్య స్తంభం ఎక్కేవాడు. తీగ సర్కారుది, జీతం సర్కారుది. లెనిన్ పేరు మీద బల్బును 'ఇల్యీచ్ దీపం' అని పిలుచుకున్న కాలం అది.

1991లో సోవియట్ యూనియన్ విడిపోయింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఇది కాస్త నిదానంగా చదవండి.

కిర్గిజ్ కరెంటులో ఎక్కువ భాగం నీటి నుంచే వస్తుంది. నరీన్ నది మీద తొక్తోగుల్ అనే పెద్ద జలాశయం ఉంది. నిండితే సుమారు 690 టీఎంసీలు, అంటే మన నాగార్జునసాగర్‌కు రెట్టింపు పైనే. వేసవిలో ఆ నీళ్ళు దిగువన ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ పత్తి చేలకు వదిలేవాళ్ళు. బదులుగా చలికాలంలో ఆ వైపు నుంచి గ్యాసు, బొగ్గు వచ్చేవి. దేశాలు వేరయ్యాక గ్యాసుకు డబ్బు కట్టమన్నారు. కట్టడానికి డబ్బెక్కడిది? కాబట్టి నీళ్ళను చలికాలానికి దాచి కరెంటు తీయడం మొదలుపెట్టారు. దిగువ రైతులకేమో వేసవిలో నీళ్ళు చాలవు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో నాకిప్పటికీ తెలియదు.

పల్లెలో బొగ్గు లేకపోయేసరికి ఇంటింటా కరెంటు హీటర్లు పెట్టారు. దీపాలకోసం వేసిన లైను ఆ లోడు మోయగలదా? ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. మార్చడానికి సామాను లేదు. కొన్ని చోట్ల రాత్రికి రాత్రి తీగలు కోసి పాత ఇనుము కింద అమ్ముకున్నారు. జీతాలు, పెన్షన్లు నెలల తరబడి ఆగాయి. పిడకలతో పొయ్యి రాజేసుకున్న ఇళ్ళెన్నో!

ఇక మోంత్యోర్ ఏం చెయ్యాలి? బిల్లు కట్టని ఇంటికి సప్లై కట్ చెయ్యమని పైనుంచి ఆర్డరు. ఆ ఇంట్లో ఉన్నది చిన్నప్పుడు తనకు రొట్టె పెట్టిన ముసలమ్మ. బయట మంచు. కొందరు కట్ చేశారు, కొందరు మీటరు తిరగకుండా చేసిపెట్టారు. రెండోది నేరమే. ఒకసారి వానాకాలంలో నేనూ ఒక అవ్వ ఇంటి ఫ్యూజు పీకాను. మర్నాడు నా డబ్బుతో బిల్లు కట్టి మళ్ళీ పెట్టాను. ఆ రాత్రి ఆమె చీకట్లో కూర్చుందన్న బాధ ఇంకా పోలేదు.

2008లో తొక్తోగుల్ నీళ్ళు బాగా అడుగంటి, వంతులవారీగా కరెంటు కోశారు. 2010 మొదట్లో కరెంటు ధర రెట్టింపు దాటించారు. జనం ఓర్చుకోలేకపోయారు. ఉన్న కోపాలకు ఇదీ తోడై, ఏప్రిల్‌లో అధ్యక్షుడు బకియెవ్ గద్దె దిగి పారిపోవాల్సి వచ్చింది.

అక్క ఈసారి ఫోన్ చేసినప్పుడు తొక్తోగుల్‌లో నీళ్ళెంత ఉన్నాయో అడగండి. ఆమె గదిలో హీటరు ఎన్ని గంటలు వెలుగుతుందో దాన్నిబట్టి నేను చెబుతాను.

మీ తాతయ్య