ఫ్యాను మార్చమంటారు, తప్పు ఫ్యానుది కాదు

"ఫ్యాను మార్చేయండి, ఈ గోల భరించలేకపోతున్నాం" అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెడతారు. కింది మూత విప్పి చూస్తే ఫ్యాను చాలాసార్లు నిక్షేపంగానే ఉంటుంది. దాని ముందున్న సన్నని లోహపు రేకుల మీద మాత్రం దుమ్మూ వెంట్రుకలూ అల్లుకుని కంబళి ముక్కలా పేరుకుపోయి ఉంటాయి. గాలి బయటికి పోయే దారే మూసుకుపోతే రెక్కలు ఎంత తిరిగి ఏం లాభం?

అపోహ: చప్పుడు పెరిగిందంటే ఫ్యాను పోయినట్టే.

ఏ చప్పుడు అన్నది ముఖ్యం. గాలి హోరు అయితే ఫ్యాను తన పని తాను చేస్తున్నట్టే. వేడి ఎక్కడ పుడుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది వెతకాలి. టకటకమంటే రెక్కకు ఏదో తగులుతోంది. గరగరమంటే, ల్యాప్‌టాప్‌ను కాస్త వంచినప్పుడు ఆ శబ్దం మారుతుంటే, బేరింగ్ అరిగింది. ఫ్యాను మార్చాల్సింది అప్పుడే. తిరిగే హార్డ్ డిస్కు ఉన్న పాత యంత్రాన్ని మాత్రం నడుస్తుండగా వంచకండి. ఆ టకటక డిస్కుదే కావచ్చు. అనుమానం వస్తే ముందు ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి, మిగతావి తర్వాత.

అపోహ: 90 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ కాలిపోతుంది.

కాలిపోదు. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్లలో మోడల్‌ను బట్టి 95 నుంచి 105 వరకు. ఆ హద్దుకు చేరగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 2020లో ఆపిల్ తెచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. వేడెక్కితే అది నెమ్మదిస్తుంది, అంతే. పెద్ద ప్రోగ్రాం తెరిచినప్పుడు క్షణకాలం 90 కనబడితే కంగారు పడక్కర్లేదు. ఏ పనీ చేయకుండానే 80 చూపిస్తూ ఫ్యాను హోరెత్తుతుంటే, లేదా ఆట మొదలుపెట్టిన కాసేపటికే తెర మీద బొమ్మలు ఈడ్చుకుంటూ కదులుతుంటే అప్పుడు విప్పి చూడాలి.

ఏళ్ల తరబడి సాగే వేడికి ఎక్కువ నలిగేది బ్యాటరీ. లిథియం బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది కూడా. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగినా వెంటనే ఆపేయండి. చార్జింగ్ పెట్టకండి. నొక్కి సరిచేయాలని అసలే చూడకండి, అది అంటుకునే సరుకు.

అపోహ: వాక్యూమ్ క్లీనర్ పెట్టి లాగేస్తే దుమ్ము పోతుంది.

నేను చూసిన ప్రయోగాల్లో నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. దాని గొట్టం మొన దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు బోర్డులోని భాగాలను దెబ్బతీయగలదు. పైగా ఆ ఈడ్పుకు ఫ్యాను తన హద్దు మించిన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. బయటి నుంచి బ్లోయర్ కొట్టినా, గట్టిగా పేరుకున్న పొర వదిలి ఫ్యాను మీదే వచ్చి పడుతుంది. సరైన పద్ధతి: ల్యాప్‌టాప్ ఆపి, మూత తీసి, బ్యాటరీ తీగ ఊడదీసి, రెక్కలు తిరగకుండా ఒక వేలితో పట్టుకుని, మెత్తని కుంచెతో ఆ పొరను బయటికి లాగాలి. రాగి గొట్టాలను మాత్రం వంచకండి. అవి గట్టి కడ్డీలు కావు, లోపల బోలు. అందులోని కాస్తంత ద్రవం ఒక చివర ఆవిరై, మరో చివర చల్లబడి తిరిగి వస్తూ వేడిని మోస్తుంది. గొట్టం నలిగిందా, ఆ రాకపోకలు ఆగిపోతాయి.

అపోహ: థర్మల్ పేస్టు ఎంత దట్టిస్తే అంత చల్లన.

లోహంతో పోలిస్తే పేస్టు వేడిని చాలా తక్కువగా మోస్తుంది. దాని పనల్లా చిప్‌కూ లోహానికీ మధ్య కంటికి కనబడని సందుల్లో చిక్కుకున్న గాలిని తరిమేయడమే. పలచని పొర చాలు. ఆరు నెలలకోసారి మార్చాలన్న నియమమూ లేదు; ఎండి పెళుసైతే మార్చాలి, అంతే. పేస్టు బదులు కొందరు వాడే ద్రవ లోహం జోలికి కొత్తవారు పోకపోవడమే మంచిది. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డు మీద ఒలికితే షార్ట్ సర్క్యూటే.

అపోహ: కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పీట) కొంటే సమస్య తీరిపోతుంది.

చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని కింది నుంచి పీలుస్తాయి. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే. గట్టి బల్ల మీద పెట్టి, వెనక అంచు కింద పుస్తకమో చెక్కముక్కో ఉంచినా గాలి ఆడుతుంది. లోపల దుమ్ము అలాగే ఉంటే ఎంత ఖరీదైన ప్యాడ్ అయినా పెద్దగా ఒరగబెట్టదు. ఫ్రిజ్‌లో పెట్టే వారూ ఉన్నారు! బయటికి తీయగానే లోపల తేమ పట్టి, అది బోర్డుకు ఎసరు పెడుతుంది.

స్క్రూడ్రైవర్ పట్టే ముందు, ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చూపే విండోస్ టాస్క్ మేనేజర్ ఒకసారి తెరవండి. మరచిపోయిన బ్రౌజర్ ట్యాబ్ ఒక్కటే ప్రాసెసర్‌ను పరుగెత్తిస్తూ ఉండొచ్చు. అదేమీ లేకపోయినా హోరు తగ్గకపోతే, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాక్సిమం ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి దించి చూడండి. చాలా యంత్రాల్లో దీనితో టర్బో వేగం (ప్రాసెసర్ అవసరాన్ని బట్టి మామూలును మించి అందుకునే వేగం) ఆగిపోతుంది, వేడి బాగా తగ్గుతుంది. ఆటలు ఆడేవారికీ వీడియోలు కూర్చేవారికీ తేడా తెలుస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకునేవారికి ఫ్యాను ఆగిందన్న సంగతి తప్ప మరేమీ తెలియదు.