చిప్ప, జోలె, వేలం పాట: సీమలో ధర్మం సొమ్ము పోగైన తీరు

వినాయక చవితికి కర్నూలులో బొమ్మలు కేసీ కాలువ మీది వినాయక ఘాట్‌కు కదలకముందే చాలా వీధుల్లో లడ్డూ వేలం జరుగుతుంది. మైకు పట్టుకున్న కుర్రాడు "ఒకటోసారి... రెండోసారి..." అని సాగదీస్తుంటాడు. ఎవరో వెనక నుంచి ఇంకో వెయ్యి పెంచుతారు, మళ్లీ ఒకటోసారి మొదలవుతుంది. చివరికి పాడుకున్నాయన పేరు, వాళ్ల నాన్న పేరు, అంగడి పేరు మూడు వీధుల దాకా వినపడతాయి. ఒకప్పుడు ఆ సొమ్ము మరుసటి ఏడాది పందిరికో గుడి సున్నాలకో పోయేది. ఇప్పుడు కొన్ని కమిటీలు దాంట్లో కొంత అన్నదానానికనో, పేదింటి పిల్లాడి ఆపరేషన్‌కనో ముందే చెప్పేస్తున్నాయి. పందిరి గుంజకు ఫోన్‌పే స్కానర్ అంటించి ఉంటుంది. అనంతపురం, కడపల్లో కాలేజీ పిల్లలు కూడా ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే డబ్బా పట్టుకుని రోడ్డెక్కుతున్నారు, స్టేటస్‌లు పెడుతున్నారు, స్టాళ్లు పెట్టి తినుబండారాలు అమ్ముతున్నారు.

ఇదంతా ఫోన్లు వచ్చాక పుట్టిన వింత అనుకునేవాళ్లు ఉన్నారు. కానీ మంచి పనికి డబ్బు అడగడంలో సీమ జనం నూరేళ్ల కిందటే చాలా దారులు తొక్కారు. వాటిని వరుసగా చూస్తే వింత చూసి ఇచ్చినవాళ్లు తక్కువే అనిపిస్తుంది. అడిగేవాడు నలుగురిలో తన పరువును ఎంత పక్కన పెట్టాడు, ఇచ్చిందాన్ని నలుగురికీ వినపడేలా చెప్పాడా లేదా, ఈ రెండూ చూసి ఇచ్చారు.

ఇక్కడ దానం కథ కరువుతో మొదలవుతుంది. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చిపెట్టింది. అప్పటికి అనంతపురం బళ్లారిలో భాగం, 1882లో గానీ విడి జిల్లా కాలేదు. మద్రాసు నుంచి మొర వెళ్లాక 1877లో లండన్ నగర మేయర్ నిధి తెరిచారు. ఆయన అధికార నివాసమైన మాన్షన్ హౌస్ పేరే ఆ నిధికీ వచ్చింది. ఆరు లక్షల పౌండ్లకు పైగా పోగైంది. ఎద్దులు కొనుక్కోవడానికి, విత్తనాలకు, కూలిన ఇంటి కప్పు వేసుకోవడానికి రైతులకు ఆ డబ్బు పంచారు. చిన్న సాయం కాదది. కానీ దాని సంగతి ఇవాళ మన పల్లెల్లో ఎవరికీ తెలియదు. అదే, ఆ శతాబ్దపు కరువులోనే తన గాదెలు తెరిచి వచ్చినవాళ్లకు వచ్చినట్టు అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద కట్టిన పాట జనం నోట నిలిచింది.

వెంగళరెడ్డి సొంతం ఇచ్చినాయన. అడిగి తెచ్చినవాళ్లలో సీమలో మొదట చెప్పుకోవాల్సింది వావిలికొలను సుబ్బారావు గారిని. 1863లో పుట్టిన కడప జిల్లా మనిషి. మొదట ప్రొద్దుటూరు తాలూకాలో రెవెన్యూ ఉద్యోగం, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నారు. అంత పేరున్న మనిషి అన్నీ వదిలేసి ఒంటిమిట్ట చేరారు. టావెర్నియర్ అనే ఫ్రెంచి యాత్రికుడు 17వ శతాబ్దంలో చూసి మెచ్చుకున్న కోదండరామాలయం అక్కడ పాడుబడి ఉంది. దాన్ని బాగు చేయించాలంటే డబ్బు కావాలి. ఆయన టెంకాయ చిప్ప చేత పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు.

రసీదు పుస్తకం అచ్చు వేయించుకుని పెద్దమనుషుల ఇళ్లకు వెళ్లి ఉండొచ్చు, పండితుడు కాబట్టి కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు. పోనీ ఇత్తడి పళ్లెం పట్టినా కాస్త గౌరవంగా ఉండేది. సర్వం పోగొట్టుకున్నవాణ్ణి చూసి "చేతికి చిప్ప వచ్చింది" అంటారు మన దగ్గర. ఆ చిప్పనే ఆయన కావాలని పట్టారు. కాలేజీలో పాఠం చెప్పిన పంతులు గుమ్మం ముందు చిప్ప చాపి నిలబడితే ఇంట్లోవాళ్లు ఉత్తచేతులతో పంపగలరా? అణాలూ కానులూ రాలాయి, గుడి పనులు సాగాయి, స్వామికి నగలు వచ్చాయి. ఆ మేలు మరవలేక ఆయన టెంకాయ చిప్ప మీద ఏకంగా శతకమే రాశారు. చందా వసూలు చేసిన పాత్రను పొగుడుతూ శతకం ఇంకెక్కడైనా ఉందేమో, నేను వినలేదు. 1936లో ఆయన పోయారు. 2015లో ఒంటిమిట్ట గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వెళ్లింది, రాష్ట్రం విడిపోయాక శ్రీరామనవమి ప్రభుత్వ లాంఛనాలతో అక్కడే జరుగుతోంది.

కడపలో ఇదే తోవలో నడిచిన ఇంకో పండితుడు జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. తెలుగు నిఘంటువు కూర్చిన బ్రౌన్ దొర కడపలో ఉన్న బంగళా శిథిలమైపోతే, ఆ చోట గ్రంథాలయం కట్టించాలని పట్టుబట్టి మనిషి మనిషినీ అడిగి చందాలు తెచ్చారు. కరువులో అన్నానికి అడగడం సులువు, గుడికి అడగడం ఇంకా సులువు. పుస్తకాలకు, అదీ ఓ ఇంగ్లీషు దొర పేరు మీద అడిగి తేవడం ఎంత కష్టమో చందాలకు తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

నాటకాలది ఇంకో దారి. 1885లో కడప జిల్లా సురభిలో మొదలైన నాటక సమాజం ఊరూరా తిరిగి జనానికి టికెట్ కొని నాటకం చూసే అలవాటు చేసింది. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ గారికి వకీలు పని జీవనం, నాటకం ప్రాణం. సత్కార్యాల కోసం ఆయన ఆడిన ప్రదర్శనలు చాలా ఉన్నాయి. టికెట్ కొన్నవాడికి దానం చేశానన్న తృప్తి, నాటకం చూశానన్న సంబరం రెండూ దక్కాయి.

తర్వాత ఆ పని సినిమావాళ్ల చేతికి వచ్చింది. 1952లో సీమలో కరువు ముదిరి ఊళ్లలో గంజి కేంద్రాలు పెట్టాల్సి వచ్చింది. బావులు లోతు చేయడానికి సైన్యం దిగింది. అప్పటికి కొత్త హీరో అయిన ఎన్టీఆర్ తోటి కళాకారులతో ఊళ్లు తిరిగి సీమ కరువు కోసం విరాళాలు పోగు చేశారు. పాతికేళ్ల తర్వాత, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన మింగినప్పుడు ఆయనే జోలె పట్టారు, అక్కినేని కూడా తిరిగారు. తెర మీద రాముడిగా కృష్ణుడిగా చూసిన మనిషి రోడ్డు మీద జోలె చాపితే ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి వేశారని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

అక్కడి నుంచి ఇది జారిపోయిందని నా అభిప్రాయం. అభిమాన సంఘాలు మంచి పని పేరు చెప్పి వేసిన బెనిఫిట్ షోలు పోను పోను ఎక్కువ రేటుకు అమ్మే తెల్లవారుజాము ఆటలుగా మిగిలాయి. హుద్‌హుద్ తుపాను బాధితుల కోసం 2014 నవంబరులో పరిశ్రమంతా కలిసి చేసిన కార్యక్రమం బాగానే జరిగింది. ఆ తర్వాత టీవీలో తారలు ఒక పూట కూరగాయలు అమ్మి, ఆటో తోలి పేదలకు సంపాదించి పెట్టడం వచ్చింది. 2017లో తెలంగాణలో అధికార పార్టీ నాయకులు పార్టీ సభ ఖర్చుకని కూలీ పని చేసి లక్షలు తెచ్చారు. కూలీకి లక్షలిచ్చే ఆసామి ఎవరో, ఎందుకిస్తాడో వేరే చెప్పనక్కర్లేదు. చిప్ప పట్టిన పండితుడు ఎంతో కొంత పోగొట్టుకున్నాడు. కెమెరా ముందు బీరకాయలు తూచిన నటుడు పోగొట్టుకున్నదేమీ లేదు. అయినా వచ్చిన డబ్బు ఆ పేదింటికి చేరింది కదా అంటే, చేరింది, కాదనను.

ఇక పేరు చదవడం సంగతి. పల్లె పెళ్లిలో చదివింపుల బల్ల ఎప్పుడైనా గమనించండి. భోజనాల పందిరికి పోయే దారిలోనే వేస్తారు, తప్పించుకోను వీల్లేకుండా. పసుపు రాసిన పుస్తకం, మొదటి పేజీలో పైన శ్రీకారం, దాని కింద ఊళ్ల వారీగా పేర్లు. రాసేవాడు ఒకడు, నోట్లు లెక్కబెట్టేవాడు ఇంకొకడు, మైకులో "ఫలానా ఊరు, ఫలానా వారు, ఐదువందల పదహార్లు" అని చదివేవాడు మరొకడు. ఆ పుస్తకం పెళ్లివారింట్లో ఏళ్ల తరబడి దాస్తారు. అవతలి ఇంట్లో శుభకార్యం వస్తే తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తారు. పెళ్లి ఖర్చు ఊరంతా పంచుకునే ఏర్పాటది. గుడికీ బడికీ చందాలు పోగు చేసేటప్పుడు ఇదే పద్ధతి ఎత్తుకున్నారు. బండ మీద పేర్లు చెక్కించడం, ఫ్యాన్ రెక్క మీద దాత పేరు రాయించడం దాని కొనసాగింపే. గాలి తగలకపోయినా పేరు మాత్రం తిరుగుతూ ఉంటుంది.

చర్చిల్లో కోతల పండుగకు జరిగే వేలం ఇంకా సరదాగా ఉంటుంది. కడప కేంద్రంగా ఉన్న సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) రాయలసీమ అధ్యక్ష మండలంలోనే కాదు, తెలుగునాట చాలా సంఘాల్లో ఇది ఉంది. ఇంట్లో పండింది, పెరిగింది తెచ్చి ఇస్తారు: గుమ్మడికాయ, శనక్కాయల మూట, కోడిపుంజు, డజను గుడ్లు. వేలంలో పాడుకున్నవాడు డబ్బు కట్టి గుమ్మడికాయను మళ్లీ వేలానికే ఇచ్చేస్తాడు. ఇంకొకడు పాడతాడు. ఒకే కాయ పలుమార్లు అమ్ముడుపోయి చివరికి ఎవరి పులుసులోకో చేరుతుంది. లడ్డూ వేలం ఇలాంటిదే గానీ పరువు పోటీ ఎక్కువ. హైదరాబాద్ బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన పాట 2025లో 35 లక్షలకు చేరింది. బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల సముదాయం అదే ఏడాది 2 కోట్ల 31 లక్షలు దాటించి, ఆ డబ్బు సేవా కార్యక్రమాలకేనని చెప్పింది. మన పల్లెల్లో అంకెలు చిన్నవి. చాలాచోట్ల పాడిన సొమ్ము వెంటనే కట్టనక్కర్లేదు, పై చవితి లోపు కడితే చాలు. వచ్చింది ఊళ్లోవాళ్లకే వడ్డీకి తిప్పుతారు. ఎవరి దగ్గర ఎంతుందో అందరికీ తెలుసు కాబట్టి ఎగ్గొట్టడం కష్టం.

అనంతపురం కథ మాత్రం వేరు. 1969లో స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ స్థాపించారు. మహారాష్ట్రలో పని చేస్తున్న ఆయన్ను అంతకుముందు ఏడాదే దేశం నుంచి వెళ్లగొట్టారు. తిరిగొచ్చి దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతను ఎంచుకున్నారు. స్పెయిన్‌లో ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక్కో బిడ్డను దత్తు తీసుకున్నట్టుగా నెలనెలా కొంత పంపడం ఆ సంస్థకు ఆధారం. పిల్లలు వాళ్లకు ఉత్తరాలు రాస్తారు, బొమ్మలు వేసి పంపుతారు. అనంతపురం పల్లెలో బడికి పోయే పిల్ల ఫోటో బార్సిలోనాలో ఒకరి ఇంటి గోడ మీద ఉంటుంది. రాఫెల్ నాదల్ పేరు మీద టెన్నిస్ బడి 2010లో అనంతపురంలో తెరుచుకోవడం కూడా ఈ స్పెయిన్ బంధం వల్లే. అక్కడి పరుగు వీరులు వచ్చి ఈ జిల్లా రోడ్ల మీద రాత్రీ పగలూ వంతులవారీగా పరిగెత్తి ఇళ్ల కోసం విరాళాలు తెచ్చారు. పొలానికి పోయే రైతు బండి ఆపి, వీళ్లెందుకు పరిగెత్తుతున్నారో అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది.

వాటన్నిటికంటే నాకు నచ్చింది ఇంటింటి హుండీ. సాయం పొందిన పల్లెల్లోనే ఆర్డీటీ చిన్న చిన్న హుండీలు పంచి, రోజుకు రూపాయో రెండో అందులో వేయమని అడిగింది. తమకంటే దిక్కులేనివాళ్ల కోసం ఆ డబ్బు. ఇన్నాళ్లూ తీసుకున్నవాళ్లు దాతలయ్యారు. విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కులో పడి 2025లో అనంతపురం వీధుల్లో ఆందోళనలు జరిగినప్పుడు, ఎక్కడో ఉన్న దాత మీద ఇంత పెద్ద ఏర్పాటు ఎంతగా ఆధారపడి ఉందో అందరికీ తెలిసొచ్చింది. హుండీల చిల్లర ఆసుపత్రులను నడపలేదు. కానీ ఆ చిల్లరకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

పుట్టపర్తి గురించి ఒక్క ముక్క. అక్కడ సత్యసాయి బాబా 1991లో తెరిచిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి భారీ విరాళం ఇచ్చినవాళ్లలో ఐజాక్ టైగ్రెట్ ఒకరు. హార్డ్ రాక్ కెఫే హోటళ్లను ప్రారంభించిన ఇద్దరిలో ఆయనొకరు, తన వాటా అమ్ముకుని వచ్చిన డబ్బులోంచి ఇచ్చారు. రాక్ సంగీతం మోగే హోటళ్ల లాభం అప్పటి అనంతపురం జిల్లాలో ఉచిత గుండె ఆపరేషన్లకు దారి చూపింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఇప్పటిలా చేతి ఫోన్‌తో డబ్బు పంపే వీలు లేదు. బియ్యం, దుప్పట్లు, అన్నం పొట్లాలు బండ్ల మీద రావాల్సి వచ్చింది. 2014లో ఏఎల్‌ఎస్ అనే జబ్బు కోసం విరాళాలు పోగు చేయడానికి లోకమంతా నెత్తి మీద ఐసు నీళ్లు కుమ్మరించుకుంటుంటే హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి నీళ్ల బదులు బకెట్ బియ్యం పేదలకు ఇవ్వమన్నారు, అది దేశం దాటి పాకింది. 2016లో యూపీఐ వచ్చింది. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడి 16 కోట్ల ఇంజెక్షన్‌కు కావాల్సిన డబ్బులో చాలా భాగం ముక్కూమొహం తెలియనివాళ్లు ఆన్‌లైన్‌లో పోగు చేసి ఇచ్చారు.

ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది. స్కానర్ మౌనంగా తీసుకుంటుంది, ఎవరి పేరూ చదవదు. పాత ఫోటోలు పెట్టి, ఎప్పుడో చనిపోయిన రోగి పేరు చెప్పి వసూలు చేసే మోసగాళ్లకు అదే కావాలి. చట్టం వైపు నుంచి ఉన్న కట్టుబాట్లు కొన్నే. పన్ను మినహాయింపు కావాలంటే నగదు విరాళం 2,000 దాటకూడదు. కూపన్లు అమ్మి లక్కీ డిప్ తీసి సాయం చేస్తామనడం చాలాచోట్ల చూస్తాం గానీ, అనుమతి లేని లాటరీ నడపడం పాత పీనల్ కోడ్‌లో నేరం, కొత్త న్యాయ సంహితలోనూ నేరమే. ఆ సంగతి నిర్వాహకుల్లో చాలామందికి తెలియదు.

కాస్త ఆరితేరిన కమిటీలు ఇప్పుడు వేరే దారి పట్టాయి. వాట్సాప్ గ్రూపులో రాత్రి కల్లా పేర్లు, మొత్తాలు వరుసగా పెడతాయి. ఆసుపత్రి బిల్లయితే స్కానర్ బదులు ఆసుపత్రి ఖాతా నంబరే ఇచ్చి, కట్టాక రసీదు ఫోటో పెడతాయి. జాబితాలో పేరు తప్పు పడితే తెల్లారకముందే ఫోన్లు మోగుతాయి, సరిదిద్ది మళ్లీ పెట్టాల్సిందే.