నందివర్ధనం ఆకు పండితే

బుజ్జికి, బుజ్జితో పాటు చదివే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఏడుపు గొంతుతో అడిగావు కదా, "తాతా, నందివర్ధనం ఎప్పుడూ పచ్చగా ఉంటుందన్నావు, మరి కింద ఆకులు పసుపైపోయి రాలుతున్నాయే, చెట్టు చచ్చిపోతుందా?" అని. చచ్చిపోదమ్మా. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. కొమ్మల చివర లేతాకులు నిగనిగలాడుతున్నాయి, లోపలున్న నాలుగు ముసలి ఆకులే పండాయి. టెన్షన్ పడొద్దు.

ఎప్పుడూ పచ్చగా ఉండటమంటే ఆకు రాలకపోవడం కాదు. మన తిరుమల కొండ మీద క్యూ చూశావు కదా, ఎప్పుడెళ్లినా కంపార్ట్‌మెంట్లు నిండుగానే ఉంటాయి, కానీ పొద్దున కూర్చున్నవాళ్లు సాయంత్రానికి ఉండరు. వచ్చేవాళ్లు వస్తుంటారు, దర్శనం అయినవాళ్లు వెళ్తుంటారు. నందివర్ధనమూ అంతే. కొమ్మ చివర కొత్తాకులు జంటగా ఎదురెదురుగా పుడతాయి, కొమ్మ సాగేకొద్దీ పాతవి లోపల నీడలో పడిపోతాయి, నీడలో ఉన్న ఆకు ఎండ చాలక చెట్టుకు తిండి సరిగ్గా వండిపెట్టలేకపోతుంది. అప్పుడు దాని వంతు వచ్చినట్టు. అదీ ఊరికే వెళ్లదు, తనలో ఉన్న నత్రజనిలాంటి సత్తువ చాలావరకు కొమ్మకు తిరిగి ఇచ్చేసి, మనం హుండీలో వేసి బయటికొస్తాం చూడు, అలా వెళ్తుంది. పచ్చదనం కరిగిపోయాక అడుగున దాగిన పసుపు బయటపడుతుంది, నువ్వు చూసింది అదే.

శేషాచలం అడవుల్లో ఎర్రచందనం అలా కాదు. ఎండాకాలం వచ్చేసరికి ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది, గ్రహణం నాడు తలుపులు మూసేసే గుడిలాగా. నందివర్ధనం మాత్రం మన శ్రీకాళహస్తి గుడి, గ్రహణంలోనూ తెరిచే ఉంటుంది.

కానీ క్యూ మొత్తం ఒక్కసారే ఖాళీ అవుతోందంటే ఏదో తేడా ఉన్నట్టే. 2021 నవంబరులో తిరుపతిని వాన ముంచెత్తినప్పుడు మా పెరట్లో నీళ్లు నిలిచిపోయి, ముసలీ లేతా లేకుండా ఆకులన్నీ పసుపు తిరిగాయి. వేళ్లకు గాలి ఆడలేదు. చిన్న కాలువ తీసి నీళ్లు పోయేలా చేశాను, కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు జోలికి పోలేదు, మెల్లగా తేరుకుంది. కాబట్టి నీ కుండీ అడుగున చిల్లు మూసుకుపోయిందేమో పుల్లతో గుచ్చి చూడు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో పెట్టు, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. మే నెలలో మాత్రం తెల్లవారగానే పోయాలి. లేతాకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది వేరే సంగతి, ఇనుము అందట్లేదని, అప్పుడు నాకు ఫోటో పంపు.

నా చిన్నప్పుడు చంద్రగిరి దగ్గర పల్లెలో, ఇంకా చీకటి ఉండగానే మా అవ్వ పూజకు పూలు కోసుకురమ్మని లేపేది. ఆకులు కనబడేవి కావు, తెల్లపూలు మాత్రం ఎవరో గాల్లో అతికించినట్టు కనబడేవి, ఒక్కో రేకు కొంచెం మెలి తిరిగి గాలిపంకాలాగా, ఆ వేళ వాసన కూడా ఎక్కువ. తొడిమ తుంచితే పాలు కారి చొక్కాకు మరక పడేది. ఆ చేత్తో కళ్లు నలపొద్దు బుజ్జీ, నోట్లోనూ పెట్టుకోవద్దు, విషం, సబ్బుతో కడుక్కో. అవ్వ ఇంకో మాట కూడా అనేది, కొమ్మకొక పువ్వు వదిలేసి రావాలని. ఎందుకవ్వా అంటే "చెట్టుకూ పూజ ఉంటుందిరా" అనేది. నువ్వూ వదిలెయ్.

ఒకసారి ఒక కొమ్మకు ఆకులన్నీ ఎవరో కొరికేసినట్టున్నాయి. అవ్వ మెల్లగా ఆకు తిప్పి చూపించింది. నా వేలికంటే లావు పచ్చపురుగు, తోక మీద చిన్న కొమ్ము, ముందువైపు రెండు నీలం కళ్లు నన్నే చూస్తున్నాయి! నేను పుల్ల తీసుకుంటే అవ్వ చెయ్యి పట్టుకుంది. అవి కళ్లు కావట, పిట్టల్ని భయపెట్టే మచ్చలట, అసలు తల వాటికి ముందు ఇంత చిన్నగా దాక్కుని ఉంది. ఆ పురుగు నేలకు దిగి, రాలిన ఆకుల్లో గూడు కట్టుకుని, పచ్చని మఖమల్ రెక్కల చిమ్మటై చీకట్లో ఎగిరిపోతుంది. చెట్టుకు మళ్లీ చిగురొచ్చింది. అలాంటిది కనబడితే చంపకు, రోజూ పోయి ఎంత పెరిగిందో చూడు.

పూత తగ్గాక కొమ్మ చివర్లు తుంచితే చెట్టు గుబురుగా వస్తుంది, అది అమ్మ చేస్తుందిలే.

ఏ ఆకు ఎప్పుడు వెళ్లాలో ఎలా తెలుస్తుందని అడుగుతావు, నాకు తెలుసు. క్యూలో అయితే టోకెన్ ఇస్తారు. ఆకుకు ఎవరూ ఏ కాగితమూ ఇవ్వరు, అయినా దాని వంతు దానికి తప్పదు! నువ్వొక పని చెయ్యి. రేపు పొద్దున కొమ్మ చివర అన్నిటికంటే లేత ఆకు చూసి, దాని తొడిమకు ఎర్రదారం కట్టు, తేదీ నోటుబుక్కులో రాసుకో. దారం వదులుగా కట్టు, ఆకుతో పాటు తొడిమా లావవుతుంది.