యూరప్ రైతు సబ్సిడీ: అపోహలు - వాస్తవాలు

మొన్న సూర్యాపేట నుంచి మా బాబాయ్ ఫోన్ చేసి, "అక్కడ రైతులను కూర్చోబెట్టి డబ్బులిస్తరట గదరా?" అన్నాడు. నేను ఐర్లండ్‌లో, టిప్పరరీ కౌంటీలో, రైతులకు యూరోపియన్ యూనియన్ సాయం దరఖాస్తులు నింపిపెట్టే పనిలో ఉన్నాను. ఏటా మే 15 గడువు. దానికి ముందు రెండు వారాలు కుదురుగా అన్నం తినే తీరిక కూడా ఉండదు. బాబాయ్ మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: ఏ పనీ చేయకపోయినా డబ్బు పడుతుంది.

వాస్తవం: ఏం పండించావు, ఎంత పండించావు అని అడగరన్నది నిజమే. 2003 సంస్కరణలతో సాయానికీ పంటకూ ఉన్న ముడిని చాలావరకు తెంచేశారు. కానీ భూమిని ఎలా ఉంచావని మాత్రం గట్టిగా అడుగుతారు. 2023 నుంచి ప్రతి పొలం చెక్కనూ ఏడాది పొడవునా ఉపగ్రహం గమనిస్తుంది. ఇది మబ్బుల దేశం కాబట్టి మామూలు ఫొటోలతో పని జరగదు, మబ్బుల్లోంచి చూసే రాడార్ కూడా కావాలి. ఏదైనా అనుమానం వస్తే రైతు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది: ఫలానా చోట నిలబడి ఫొటో తీసి పంపు అని. పోయినేడు ఒక పెద్దాయన వానలో గొర్రెల మధ్య నిలబడి నాకు ఫోన్ చేశాడు. ఫొటో తీసే యాప్ పొలం లోపలికి రా అంటోంది, సిగ్నల్ గేటు దగ్గరే వస్తోంది. ఆ ఒక్క ఫొటోకు ఇద్దరికీ మధ్యాహ్నమంతా పట్టింది.

సాయం హెక్టారు లెక్కన ఇస్తారు కాబట్టి అసలు తిరకాసంతా హెక్టారులో ఉంది. హెక్టారంటే రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ. ఒకప్పుడు ముళ్లపొదలున్న మేరను సాయం లెక్కలోంచి కోసేసేవారు. అందుకని రైతులు మెషిన్ పెట్టి పొదలన్నీ పీకించేశారు. 2023 నుంచి ఇక్కడ చెక్కలో సగం దాకా పొదలూ చెట్లూ ఉన్నా పూర్తి డబ్బు ఇస్తున్నారు, పక్షులకు మంచిదని. పీకించినవాళ్లు ఇప్పుడు నన్ను చూసి నవ్వుతారు. అది సంతోషంతో నవ్వే నవ్వు కాదు.

అపోహ: యూనియన్ బడ్జెట్ అంతా రైతులకే పోతుంది.

వాస్తవం: 1980లలో మూడింట రెండు వంతుల దాకా పోయేది. ఇప్పుడు మూడో వంతే. మద్దతు ధరకు కొని పెడితే అమ్ముడుపోక గుట్టలుగా పేరుకున్న వెన్న కథలు కూడా ఆ కాలానివే. 1984లో పాల కోటాలు, అంటే పాల ఉత్పత్తికి పరిమితులు, పెట్టారు, 2015లో ఎత్తేశారు. మద్దతు ధరలు తగ్గించి రైతుకు నేరుగా డబ్బిచ్చే పద్ధతిని 1992లో మొదలుపెట్టిన యూనియన్ వ్యవసాయ కమిషనర్ రే మెక్‌షారీ ఐర్లండ్‌వాడే.

అపోహ: ఇది చిన్న రైతు కోసం.

వాస్తవం: ఉపన్యాసాల్లో అంతే. లెక్కల్లో చూస్తే ప్రత్యక్ష చెల్లింపుల్లో దాదాపు 80 శాతం 20 శాతం మందికే చేరుతోంది. హెక్టారుకు ఇంత అని ఇస్తే ఎక్కువ భూమి ఉన్నవాడికే ఎక్కువ పోతుంది. 2018లో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు మనవాళ్లు వాదించుకున్నదీ దీని గురించే. ఒక తేడా ఉంది: అక్కడ డబ్బు పట్టాదారుకు, ఇక్కడ సాగు చేసేవాడికి. అయితే కౌలుదారు గెలిచాడనుకోకండి. భూమి యజమాని ఆ డబ్బును లెక్కేసుకునే కౌలు రేటు చెబుతాడు.

ఒక్కొక్కరికి ఏడాదికి లక్ష యూరోలే పరిమితి అని, యూనియన్ చట్టాలను ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ 2018లోనే ప్రతిపాదించింది. బేరసారాలు ముగిసేసరికి అది దేశాల ఇష్టానికి వదిలేసిన నిబంధనగా మిగిలింది. ఐర్లండ్ హెక్టారు లెక్కన ఇచ్చే మూల చెల్లింపుకు 66,000 యూరోల దగ్గర గీత గీసింది. చాలా దేశాలు గీయలేదు.

అపోహ: 2024లో యూరప్ రైతుల ట్రాక్టర్లు నిరసనగా రోడ్డెక్కింది పర్యావరణ నిబంధనల మీద కోపంతోనే.

వాస్తవం: అదొక్కటే కాదు. జర్మనీలో డీజిల్ రాయితీ కోత, పోలండ్‌లో చవకగా వచ్చిపడే ఉక్రెయిన్ ధాన్యం, ఫ్రాన్స్‌లో దక్షిణ అమెరికా మాంసం దిగుమతి అవుతుందన్న భయం. అన్నిచోట్లా కాగితాల టెన్షన్. ప్రభుత్వాలకు తేలిగ్గా చేతికందింది పర్యావరణమే. 4 శాతం పొలాన్ని బీడుగా వదలాలన్న షరతు పోయింది, 10 హెక్టార్లలోపు రైతులకు పర్యావరణ షరతుల తనిఖీలు, జరిమానాలు పోయాయి. చిన్నవాళ్లను వదిలేయడం మంచిదే. కానీ పాల ధర, ఎరువు ధర ఎక్కడివక్కడే ఉన్నాయి.

అపోహ: 2028 నుంచి సబ్సిడీలు రద్దు.

వాస్తవం: రద్దు కాదు, సంచి మారుతోంది. 2025 జులై 16న కమిషన్ పెట్టిన ప్రతిపాదన ప్రకారం వ్యవసాయానికి వేరుగా ఉన్న రెండు నిధులూ పోయి, వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి డబ్బుతో కలిసి దేశానికో పెద్ద ప్రణాళిక అవుతుంది. అందులో రైతుల ఆదాయానికంటూ సుమారు 30,000 కోట్ల యూరోలు విడిగా ఉంచుతామంటున్నారు. మిగతా డబ్బు కోసం రైతు రోడ్లతో, రైళ్లతో పోటీ పడాలి. నన్నడిగితే అసలు దిగులు ఇదే. డబ్బున్న దేశం తన రైతుకు పైన కలిపి ఇస్తుంది, లేని దేశం చేతులెత్తేస్తుంది. లక్ష యూరోల పరిమితి మళ్లీ వచ్చింది, ఈసారి తప్పనిసరిగా. దీనికి యూరోపియన్ పార్లమెంటు ఆమోదం, బడ్జెట్‌కైతే అన్ని దేశాల ఒప్పుదలా కావాలి.

అందులోనే ఇంకో ముక్క ఉంది: వృద్ధాప్య పింఛను తీసుకునేవారికి 2032 కల్లా ఈ ఆదాయ సాయం ఆపేయాలని. ఐర్లండ్‌లో మూడో వంతు రైతులకు 65 దాటాయి. ఆ వానలో ఫొటో తీసిన పెద్దాయనకు 73. కొడుకు డబ్లిన్‌లో ఉద్యోగం, పొలం వైపు చూడడు. ఈసారి దరఖాస్తు మీద సంతకం పెడుతూ, "అప్పటికి ఎవరి పేరు రాస్తావు?" అని అడిగాడు. ఈ ఏటికి ఆయన పేరే రాసి పంపాను.