నెక్కర్ లెక్క: మిగులు చూపిన ఖజానా దివాలా ఎలా తీసింది?

1781 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రాజు 16వ లూయీకి ఆయన ఆర్థిక వ్యవహారాల అధిపతి జాక్ నెక్కర్ ఒక జమాఖర్చుల నివేదిక సమర్పించాడు. రాబడి సుమారు 26.4 కోట్ల లివర్లు (లివర్ అప్పటి ఫ్రెంచి ద్రవ్యం), ఖర్చు 25.4 కోట్లు, మిగులు కోటీ 2 లక్షలు. అయిదున్నరేళ్ల తర్వాత, 1786 ఆగస్టులో, అదే రాజుకు మరో ఆర్థిక మంత్రి కలోన్ ఏటా 10 కోట్లకు పైగా లోటు పడుతోందని చెప్పాడు. ఆ పాత మిగులే బూటకమని కూడా వాదించాడు. ఇద్దరిలో ఎవరి లెక్క తప్పన్న తగవు 1789 విప్లవం దాకా సాగింది. ఆ తగవు అర్థం కావాలంటే నెక్కర్ ఏ పనిలో చెయ్యి తిరిగినవాడో ముందు చూడాలి.

నెక్కర్ 1732లో జెనీవాలో పుట్టాడు. తండ్రిది జర్మన్ ప్రాంతమైన బ్రాండెన్‌బర్గ్. జెనీవాలో న్యాయశాస్త్రం బోధించేవాడు. కొడుకు మాత్రం చిన్న వయసులోనే బ్యాంకు గుమాస్తాగా చేరి పారిస్ వెళ్లాడు. తర్వాత తెలుసోఁ కుటుంబంతో కలిసి సొంత బ్యాంకు నడిపాడు. ధాన్యం వ్యాపారం, ప్రభుత్వ రుణపత్రాల క్రయవిక్రయాలు ఆ బ్యాంకుకు డబ్బు తెచ్చిపెట్టాయి. 1763లో ఏడేళ్ల యుద్ధం ముగిసే సమయానికి నెక్కర్ పారిస్ బ్యాంకర్లలో ముందువరసలో ఉన్నాడు.

1760ల్లో ఆయన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ నిర్వాహకుల్లో ఒకడు. ఫ్రెంచి సేనాని బుస్సీ సంపాదించిపెట్టిన ఉత్తర సర్కారులను, మచిలీపట్నంతో సహా, 1759లో ఇంగ్లీషువాళ్లు గుంజుకున్న తర్వాత చితికిన కంపెనీ అది. యానాం వంటి స్థావరాలు సంధిలో తిరిగొచ్చాయి గానీ, జిల్లాల శిస్తు రాలేదు. 1769లో ప్రభుత్వం కంపెనీ గుత్తాధిపత్యాన్ని నిలిపేయబోతే నెక్కర్ దాని తరఫున గట్టిగా వాదించి ఓడిపోయాడు. ఓడినా ప్రజల కళ్లలో పడ్డాడు. 1772లో బ్యాంకు నుంచి తప్పుకున్నాడు. భార్య సూజాన్ నడిపిన శుక్రవారం గోష్ఠులకు పారిస్ రచయితలంతా వచ్చేవారు. పదవికి దారి వేయడంలో ఆ గోష్ఠుల పాత్ర చిన్నది కాదు.

1776 అక్టోబరులో ఖజానా ఆయన చేతికొచ్చింది. 1777 జూన్‌లో మొత్తం ఆర్థిక శాఖ వచ్చింది. కేథలిక్ రాజ్యంలో ప్రొటెస్టెంటు కావడంతో మంత్రి పేరు మాత్రం ఇవ్వలేదు. ‘డైరెక్టర్ జనరల్’ అన్నారు. రాజమండలిలో కుర్చీ లేదు. జీతం ఆయనే వద్దన్నాడు. జీతం తీసుకోని అధికారికి ఎదురు చెప్పడం కష్టమని బ్యాంకరుకు తెలియదనుకోలేం.

అప్పటి ఖజానా ఒక్క చోట ఉండేది కాదు. జిల్లాల్లో నేరుపన్ను వసూలు చేసే అధికారి ఆ పదవిని డబ్బు పెట్టి కొనుక్కునేవాడు. వసూలైన సొమ్మును వాయిదా తేదీ వచ్చేదాకా తన దగ్గరే ఉంచుకునేవాడు. ఈలోగా రాజుకు డబ్బు అవసరమైతే, రాబోయే వసూళ్ల మీద హామీపత్రం రాసిచ్చి వడ్డీకి అప్పిచ్చేవాడు. అంటే రాజు సొమ్మే రాజుకు వడ్డీకి చేరేది. పరోక్ష పన్నులు 60 మంది గుత్తేదారుల చేతిలో ఉండేవి.

నెక్కర్ ఈ మధ్యదళారుల మీద పడ్డాడు. 1780లో 48 మంది ప్రధాన వసూలు అధికారుల పదవులు రద్దుచేసి 12 మందిని పెట్టాడు. గుత్తేదారులను 40కి తగ్గించాడు; మద్యం పన్ను, రాజభూముల రాబడి గుత్త నుంచి విడదీసి వేరే యంత్రాంగాలకు అప్పగించాడు. రాజుగారి వంటశాల విభాగంలోనే 406 ఉద్యోగాలు పోయాయి. అయితే కొనుక్కున్న పదవిని రద్దు చేస్తే దాని ధర వాపసు ఇవ్వాలి. ఆ బాకీ మళ్లీ ఖజానా నెత్తినే పడుతుంది. పొదుపు ఫలితం ఏళ్లు గడిస్తే గానీ కనిపించదు, పదవి పోయినవాడి పగ మాత్రం మర్నాడే మొదలవుతుంది.

ఇంతలో 1778లో అమెరికా స్వాతంత్ర్యయుద్ధంలోకి ఫ్రాన్స్ దిగింది. నెక్కర్ కొత్త పన్నులు వేయలేదు. దాదాపు 50 కోట్ల లివర్లు అప్పు తెచ్చాడు. అందులో పెద్ద భాగం యాన్యుటీ పద్ధతి: అసలు ఒకసారి చెల్లిస్తే, పేరు పెట్టిన మనిషి బతికున్నంత కాలం ఏటా నూటికి 10 చొప్పున వస్తుంది. మనిషి పోతే అసలు కూడా పోయినట్టే. ఇక్కడే అసలు మెలిక. వయసు ఎంతైనా రేటు ఒక్కటే.

వెయ్యి లివర్లు కట్టి అరవయ్యేళ్ల మనిషి పేరు పెట్టారనుకుందాం. ఆయన మరో 13 ఏళ్లు బతికితే అందేది 1,300. వడ్డీ లెక్కన నూటికి దాదాపు 4. అదే ఏడేళ్ల పిల్ల పేరు పెడితే, ఆమె మరో 50 ఏళ్లు బతికితే అందేది 5,000. నూటికి దాదాపు 10 గిట్టుబాటు. డబ్బు కట్టేవాడు, పేరున్నవాడు ఒకరే కావాలన్న నిబంధన లేదు. జెనీవా బ్యాంకర్లు దీన్ని పట్టుకున్నారు. మశూచి వచ్చి బయటపడినవాళ్లు లేదా టీకా వేయించుకున్నవాళ్లు, కలిగిన ఇళ్ల ఆడపిల్లలు, వైద్యుల పరీక్షలో నెగ్గినవాళ్లు అయిన 30 మందిని ఎంచి, పెట్టుబడిని వాళ్లందరి పేర్ల మీద సమానంగా పంచారు. ఒకరిద్దరు పోయినా ముప్పయ్యో వంతు చొప్పునే రాబడి తగ్గుతుంది. ఈ మూటను వాటాలుగా కోసి, ఆ వాటాలు కొనడానికి మళ్లీ తక్కువ వడ్డీకి అప్పులు తెచ్చారు.

వయసును బట్టి రేటు వేయడం అప్పటికి తెలియని విద్య కాదు. దెపార్స్యూ ఆయుర్దాయ పట్టికలు ఫ్రాన్స్‌లోనే 1746లో అచ్చయ్యాయి. నెక్కర్‌కు కావలసింది వేగం. యుద్ధం మధ్యలో అప్పుపత్రం త్వరగా అమ్ముడుపోవాలి, కొనేవాడికి లాభం కళ్లకు కనపడాలి. ఈ బేరాన్ని ఆయన పుట్టించలేదు, అంతకుముందు నుంచే ఉంది. కానీ బ్యాంకరై ఉండి దాని బరువు తెలిసే అంత ఎత్తున వాడాడన్నదే నా అభిప్రాయంలో ఆయన మీద అసలు ఫిర్యాదు.

1781 నివేదిక ఈ సందర్భంలో వచ్చింది. అంతవరకు రాజు జమాఖర్చులు రహస్యం. ఇంగ్లండులో పార్లమెంటు లెక్కలు బయటపెట్టి, ప్రతి అప్పు వడ్డీకీ ఒక పన్ను కేటాయిస్తుంది గనుకనే దానికి చౌకగా అప్పు పుడుతోందని నెక్కర్ గమనించాడు. నీలి అట్టతో అచ్చయిన ఆ పుస్తకం వేలవేల ప్రతులు అమ్ముడైంది. అప్పిచ్చేవాళ్లకు ధైర్యం చెప్పే పత్రంగా బాగా పనిచేసింది. అయితే అందులో ఉన్నది ‘సాధారణ’ ఖాతా మాత్రమే. యుద్ధవ్యయం ‘అసాధారణ’ ఖాతాలోకి వెళ్లింది. పైగా రాబడి అంకె కూడా జిల్లాల్లోనే ఖర్చులూ కోతలూ పోను ఖజానాకు చేరిన నికరం. ప్రజలు కట్టిన మొత్తం పన్ను అంతకంటే చాలా ఎక్కువ. అంకెలు దొంగవి కావు. పాత రశీదులు తిరగేసిన చరిత్రకారుల్లో కొందరు సాధారణ ఖాతా చాలావరకు నిలుస్తుందనే అన్నారు. చదివినవాళ్లు మాత్రం దేశం మొత్తం లెక్కే మిగులులో ఉందనుకున్నారు. ఆ భ్రమను సరిదిద్దడానికి నెక్కర్ ప్రయత్నించలేదు.

ఆ పుస్తకంలో పింఛన్ల ఖర్చు బయటపడటం దర్బారుకు కొరుకుడుపడలేదు. రాజమండలిలో చోటు కావాలని అడిగి, కాదనిపించుకుని 1781 మేలో నెక్కర్ రాజీనామా చేశాడు. తర్వాత వచ్చినవాళ్లకు పుస్తకం పీడకలైంది. మిగులు ఉన్నప్పుడు కొత్త పన్నెందుకని ప్రతివాడూ అడిగాడు. 1787లో కలోన్ ప్రముఖుల సభలో ఆ లెక్కను తప్పుపడితే నెక్కర్ అచ్చులో జవాబిచ్చాడు. పారిస్ నుంచి బహిష్కరణకు గురయ్యాడు.

1788 ఆగస్టులో ఖజానా చెల్లింపులు కొంత భాగం నాణేలకు బదులు కాగితపు హామీపత్రాల్లో ఇవ్వాల్సి వచ్చింది. రాజు మళ్లీ నెక్కర్‌నే పిలిచాడు. ఆయన పేరు చెప్పగానే రుణపత్రాల ధరలు పెరిగాయి. ఈసారి చేతిలో మిగిలింది ఆ పేరే. ఆ ఏడాది జూలై వడగళ్లకు పంట పోవడంతో బయటి నుంచి ధాన్యం తెప్పించాల్సి వచ్చింది. 1789 మే 5న ప్రతినిధుల సభలో మూడు గంటల ప్రసంగంలో 5.6 కోట్ల లోటు ఉందన్నాడు. మధ్యలో గొంతు పోతే మిగతాది వేరేవాళ్లు చదివారు. జూలై 11న రాజు తొలగించాడు. మర్నాడు పారిస్ జనం ఆయన మైనపు బొమ్మను ఊరేగించారు, 14న బాస్టీల్ కోట పడింది.

మళ్లీ పిలిచినా ఫలితం లేకపోయింది. ఆగస్టులో 3 కోట్ల అప్పుకు ఆయన అడిగిన 5 శాతం వడ్డీని సభ 4.5కి కోసింది, అప్పు పుట్టలేదు. తర్వాతి 8 కోట్ల అప్పూ నిండలేదు. చర్చి ఆస్తుల హామీతో కాగితం డబ్బు విచ్చలవిడిగా అచ్చేయడాన్ని వ్యతిరేకించి 1790 సెప్టెంబరులో వెళ్లిపోయాడు. ఆ కాగితం విలువ పడిపోతుండగా యాన్యుటీలు దాంతోనే చెల్లించడంతో, 30 మంది పిల్లల మీద పందెం కాసిన జెనీవా బ్యాంకులు కూలాయి. పిల్లలు మాత్రం చాలామంది బతికే ఉన్నారు. నెక్కర్ స్విట్జర్లాండ్‌లోని కోపేలో స్థిరపడి 1804లో చనిపోయాడు. ఆయన సొంతంగా ఖజానాలో ఉంచిన 20 లక్షల లివర్లను ఫ్రెంచి ప్రభుత్వం 1815లో ఆయన కూతురికి వాపసు చేసింది.